పార్సిల్లో వెళ్ళిన గోడ

చెన్నై,
13 జనవరి 2008

మావయ్యకు, అత్తకు హేమలత నమస్కారాలు.

నేను బాగున్నాను. హాస్టల్లో సాంబారు కూడా బాగుంది, మూడు పూటలా ఉంది. అత్త చేతి రాగి అంబలి గుర్తొచ్చినప్పుడు మాత్రం ఈ ఊరి మీద కోపం వస్తుంది.

'నువ్వు చేసే పరిశోధనేమిటో ఒక్క ముక్కలో చెప్పు, ఊళ్ళో అందరూ అడుగుతున్నారు' అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నావు కదా. చెప్తాను విను. ఎపాక్సీ అని ఒక బంక ఉంది. రెండు సీసాల్లో వస్తుంది. రెండూ కలిపితే గంటల్లో రాయిలా గట్టిపడుతుంది. విమానాల భాగాలూ, పెద్ద పెద్ద గాలిమర రెక్కలూ చేసేటప్పుడు ఇలాంటి బంకలే వాడతారు. దానికి ఒక్కటే జబ్బు. చిన్న పగులు పడిందంటే ఇక ఆగదు, ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది. ఆ బంకలో నేను ఒక నల్లపొడి కలిపి, దాన్ని ఇంకా గట్టిగా చెయ్యాలి. అంతే నా పని.

మా గైడు ఉమామహేశ్వరి మేడమ్ మంచివారే గానీ మాట తేల్చి చెప్పే మనిషి. వచ్చే ఏడాది ఫిబ్రవరిలో కమిటీ ముందు ఫలితం చూపించాలట. చూపించలేకపోతే ఈ టాపిక్ ఇంకొకరికి వెళ్తుంది, నేను పీహెచ్‌డీ వదిలేసి సర్టిఫికెట్టు ఒకటి పట్టుకుని వచ్చేయాలి. మన పంచాయతీ నుంచి ఇంతదాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. వచ్చేయడం నాకు ఇష్టం లేదు మావయ్యా.

ఒక మనవి. ఇన్‌ల్యాండులో మడత దగ్గరికి రాగానే, ఇక జాగా లేదని, మాట మధ్యలో ఆపేస్తావు. కవరు వాడితే మీ పోస్టల్ డిపార్టుమెంటు ఏమీ అనుకోదు.

నీ మేనకోడలు,
హేమ


బూరుగుపుట్టు,
ముంచింగిపుట్టు మండలం,
3 ఫిబ్రవరి 2008

చిరంజీవి హేమలతకు మావయ్య మంగ్లు దీవెనలు.

ఇక్కడ మేమంతా క్షేమం. పోస్టాఫీసు పైకప్పు మాత్రం క్షేమంగా లేదు. రెండు పెంకులు జారి స్టాంపుల పెట్టె మీద పడ్డాయి. పై ఆఫీసుకి రాస్తే ఒక ఫారం పంపారు. పూర్తి చేసేలోగా దాని మీద కూడా మంచు కురిసింది.

ఇన్‌ల్యాండు గురించి రాశావు. ఇరవై రెండేళ్ళుగా బ్రాంచి పోస్టుమాస్టరుగా ఉన్నాను. చెప్పాల్సింది ఒక్క ఇన్‌ల్యాండులో పట్టించలేనివాడికి కవరిచ్చినా ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. బంకలో నల్లపొడి కలుపుతానన్న చోటికి రాగానే చేతిలో చేట కింద పెట్టేసింది. "ఏటీ? ఇంత సదువు సదివి ఈ గుంట కల్తీ సేత్తందేటి?" అంది. సర్దిచెబుదామని చూశాను గానీ, నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం వచ్చింది.

నువ్వప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఉన్నావు, నీకు తెలీదు. సాలూరు నుంచి వచ్చే షావుకారు ఒకడు సంతలో మన మిరియాల బస్తా విప్పి, గుప్పెడు తీసి చెంబు నీళ్ళలో పోశాడు. కొన్ని గింజలు పైకి తేలాయి. "బొప్పాయి గింజలు కలిపేసినారు, కల్తీ సరుకు!" అని సంతంతా వినేట్టు అరిచాడు. అవి బొప్పాయి గింజలు కావు, ముదరని మిరియాలు. ఆ ఏడు వాన తక్కువ. అయితే మాత్రం ఎవరు వింటారు? మీ అత్త బస్తా నెత్తిన పెట్టుకుని కొండెక్కేసింది. ఆ తర్వాత నుంచి ప్రతి గింజనీ ఇంట్లోనే నీళ్ళలో వేసి, తేలినదాన్ని పారబోసి, అడుక్కి దిగినదాన్నే సంతకు తెస్తోంది. నువ్వు ఆ ఇంట్లో పెరిగిన పిల్లవి.

ఎవరైనా పెద్దవాళ్ళు బెదిరించి నీచేత ఈ పని చేయిస్తుంటే రాయి. నేను రైలెక్కి వస్తాను. మరో సంగతి, మొన్న

(మడత వచ్చేసింది.)
మంగ్లు


చెన్నై,
24 ఫిబ్రవరి 2008

మావయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను. ఆ మాట, కల్తీ అన్న మాట, దయచేసి ఇంకెప్పుడూ నాకు రాయకు. ఎందుకని అడగకు.

పాలల్లో నీళ్ళు కలిపితే పాలు పలచనవుతాయి, నిజమే. మరి అత్త గోడకు మెత్తే మట్టిలో గడ్డి కలుపుతుంది కదా, అది మోసమా? వట్టిమట్టి ఎండితే నెర్రెలు బారుతుంది. గడ్డి ఉంటే ఆ నెర్రె గడ్డిపోచ దాకా వచ్చి ఆగిపోతుంది. నా నల్లపొడి నా బంకకు గడ్డి లాంటిది.

నీ చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్సిలు తీసి చూడు. అందులోని నల్లది గ్రాఫైట్. అది అడ్డాకుల కట్ట లాంటిది, ఆకు మీద ఆకు ఉంటుంది. ఆకులు జారుతాయి కాబట్టే కాగితం మీద గీత పడుతుంది. ఆ కట్టలోంచి ఒక్క ఆకును విడదీస్తే దాని పేరు గ్రాఫీన్. ఒకే ఒక్క పరమాణువు మందం ఉంటుంది. అంత పలచనిది, లాగి చూస్తే ఉక్కు కన్నా ఎన్నో రెట్లు గట్టిది. నాలుగేళ్ళ కిందట ఇంగ్లండులో మామూలు అతుకు టేపుతో దాన్ని గ్రాఫైట్ మీంచి ఊడదీశారు. అది మొదటిసారి చదివినప్పుడు నాకు అన్నం సయించలేదు మావయ్యా. నీ చెవి మీది పెన్సిల్లో ఇంత బలం దాక్కుని ఉంటే మనం దాంతో మనియార్డరు ఫారాలు నింపుతున్నాం.

నేను ఒక్కో ఆకునే విడదీయలేను. గ్రాఫైట్‌ను ఆమ్లంలో నానబెట్టి ఒక్కసారిగా కాలిస్తే పేలాల్లా ఉబ్బుతుంది. అప్పుడు కట్ట విడిపోయి కొద్ది ఆకుల పలచని పొరలు వస్తాయి. వాటిని బంకలో కలుపుతున్నాను. అంతవరకూ బాగానే ఉంది. వట్టి బంక ముక్కను యంత్రంలో పెట్టి లాగితే అరవై రెండు అంకె దగ్గర తెగుతోంది. నా పొడి కలిపిన ముక్క నలభై ఎనిమిది దగ్గరే తెగింది. పొడి పెంచాను. ఇంకా ముందే తెగింది.

ఇక రాయడానికి ఏమీ లేదు.

హేమ


బూరుగుపుట్టు,
20 జూలై 2008

చిరంజీవి హేమలతకు,

నీ నుంచి ఉత్తరం వచ్చి అయిదు నెలలయింది. నేను రెండు రాశాను, రెండింటికీ జవాబు లేదు. ఊళ్ళో అందరి ఉత్తరాలూ నా చేతి మీదుగానే వెళ్తాయి, నాకు రావలసినది మాత్రం రాదు. మిరియాల సంగతి రాసి తప్పు చేశాననుకున్నాను. పెద్ద ఊళ్ళో, పెద్ద చదువుల మధ్య ఉన్నదానివి, సంతలో తలవంచుకున్న మనుషుల పిల్లనని గుర్తు చేస్తే నీకు చిన్నతనంగా ఉందేమో అనుకున్నాను. అలా అయితే ఇక రాయను.

మీ అత్త ఒప్పుకోలేదు. "సిగ్గేటి దానికి? ముక్కలు తెగిపోతన్నాయని దిగులు. ఆ ఉత్తరం మళ్ళీ సదువు" అని నాచేత మూడుసార్లు చదివించింది. మూడోసారి విని లేచి నిలబడింది. "గడ్డి కలిపితే నెర్రె ఆగాల. ఆగలేదంటే గడ్డి తప్పు కాదు, మట్టి తప్పు కాదు, కలిపినోళ్ళకి కలపటం రాలేదు. ఉత్తరంలో సెప్తే తెలీదు, గోడ సూపియ్యాల" అంది.

అని ఊరుకుంటే మీ అత్త ఎందుకవుతుంది? గునపం తెచ్చి పడమటి గోడకు జానెడు ముక్క కోసేసింది. పదకొండు వర్షాకాలాలు ఎదురు జల్లు కొట్టినా ఒక్క నెర్రె పడని గోడ అది. ఇప్పుడక్కడ చిల్లు పడి, పొయ్యి దగ్గర కూర్చుంటే కొండ కనిపిస్తోంది.

దాన్ని పాత చీరలో, ఆపైన అడ్డాకుల్లో చుట్టి ముంచింగిపుట్టు ఆఫీసుకి మోసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా "గోడని పోస్టు సేత్తావేటి మంగ్లూ?" అని నవ్వాడు. గోడ పంపకూడదని రూల్సులో ఎక్కడుందో చూపించమన్నాను. వెతికాడు, లేదు. పార్సిలు మీద 'గోడ, ఒకటి' అని రాశాను. అందిన వెంటనే

(మడత.)
మంగ్లు


చెన్నై,
17 ఆగస్టు 2008

మావయ్యా, అత్తా,

గోడ అందింది. హాస్టలుకి కాకుండా ల్యాబు అడ్రసుకి పంపావు కాబట్టి అందరి ముందూ విప్పాల్సి వచ్చింది. చీరలోంచి మట్టి ముక్క బయటపడగానే మా సీనియరు లక్ష్మీప్రసాద్ "ఊరి నుంచి శాంపిల్ వచ్చిందా?" అని నవ్వాడు. నాకు ఏడుపు వచ్చింది. ముక్కను గుండెలకు హత్తుకున్నాను, అత్త పొయ్యి వాసన వచ్చింది, అప్పుడు నిజంగానే ఏడ్చాను.

మేడమ్ వచ్చారు. ఎందుకు పంపారని అడిగితే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కోసిన వైపు భూతద్దం పెట్టి ఒక పావుగంట చూశారు. నన్నూ చూడమన్నారు. మావయ్యా, ఆ మట్టిలో ఎక్కడా రెండు గడ్డిపోచలు కలిసి లేవు. ప్రతి పోచ చుట్టూ మట్టి పట్టి ఉంది. నా ముక్క తెగిన చోట చూస్తే పొడి ఉండలు ఉండలుగా కనిపించేది. మొదటి నుంచీ పగులు అక్కడే పుడుతోంది. పొడి పెంచిన కొద్దీ ఉండలు పెరిగాయి. "మీ అత్తగారు దీన్ని ఎలా కలుపుతారో అక్షరం వదలకుండా తెలుసుకో" అన్నారు మేడమ్. ముక్కను గాజు అలమారులో పెట్టారు.

నేను సిగ్గుపడి రాయడం మానేయలేదు. మీ గురించి నాకెప్పుడూ సిగ్గు లేదు. ఫలితం వస్తే తప్ప ఉత్తరం రాయకూడదని పంతం పట్టాను, అంతే. ఇంకో కారణం ఉంది, అది తర్వాత చెప్తాను.

అత్త ఎలా కలుపుతుందో రాయి. దయచేసి కవరులో రాయి.

హేమ


బూరుగుపుట్టు,
14 సెప్టెంబరు 2008

చిరంజీవి హేమలతకు,

గాజు అలమారు సంగతి చదివి వినిపించగానే మీ అత్త అర్జెంటుగా నీళ్ళకని బయటికెళ్ళిపోయింది. కుండలో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ఆడమనిషి సంతోషం దాచుకోవడానికి వెళ్తే మనమెందుకు అడగడమని ఊరుకున్నాను.

కలిపే పద్ధతి చెప్పమంటే ఒకపూట చెప్పింది. తిట్లు తీసేసి రాస్తున్నాను. గడ్డిని బొటనవేలంత ముక్కలుగా తరగాలి. గట్టి మట్టిలో ఎప్పుడూ గడ్డి పడేయకూడదు, పడేస్తే ఉండ కట్టేస్తుంది. ముందు పలచటి మట్టినీళ్ళు చేసుకోవాలి. అందులో గడ్డి చల్లి తొక్కాలి. "పోసకీ పోసకీ మద్దెన నీళ్ళు దూరాల. కాలికి ఒక్కో పోస ఇడిగా తగలాల" అంది. అంతా విడిపోయాకనే గట్టి మట్టి కొంచెం కొంచెంగా వేస్తూ మళ్ళీ తొక్కాలి. గడ్డి కొద్దిగానే ఉండాలి. ఎక్కువేస్తే గోడ కాదట, పిట్టగూడు అవుతుందట.

ఇక్కడ కాఫీ కాయ రంగు తిరుగుతోంది. వానలకి ఘాటు రోడ్డు రెండుచోట్ల జారింది, బస్సు రావట్లేదు, టపా సంచి నెత్తిన పెట్టుకుని నడిచే తెస్తున్నారు. తొక్కడం అయ్యాక చెయ్యాల్సినవి మామూలువే.

(మడత.)
మంగ్లు


చెన్నై,
30 నవంబరు 2008

మావయ్యా,

అత్త చెప్పినట్టే చేశాను. మట్టినీళ్ళ బదులు అసిటోన్ తీసుకున్నాను, గోళ్ళ రంగు తుడిచే మందు వాసన వస్తుంది. అందులో నల్లపొడి వేసి, చెవికి వినపడని శబ్దంతో అదరగొట్టే యంత్రంలో పెట్టాను. తొక్కడం అన్నమాట. పొడి ఎంత చక్కగా విడిపోయిందో! తర్వాత బంక కొంచెం కొంచెంగా పోశాను. ఉండ అన్నది లేదు. ఆనందం పట్టలేక ఆ రోజే అచ్చుల్లో పోసేశాను.

ముక్కలన్నీ బుడగలే. అసిటోన్ లోపలే ఉండిపోయి, బంక గట్టిపడేటప్పుడు పొంగింది. యాభై ఒకటి దగ్గర తెగిపోయాయి.

ఇంకా రెండున్నర నెలలే ఉంది. లక్ష్మీప్రసాద్ నా నోటుపుస్తకాలు చూడొచ్చా అని అడిగాడు. ఎందుకో నాకు తెలుసు, నా టాపిక్ ఇంకొకరికి వెళ్తే ఆ ఇంకొకరు అతనే. అత్తను ఏమీ అనకు, ఆవిడ తప్పేం లేదు. బహుశా గోడ గోడే, బంక బంకే. నేనే పిచ్చిదానిలా రెండూ ఒకటనుకున్నాను.

హేమ


బూరుగుపుట్టు,
9 డిసెంబరు 2008

హేమా,

ఇది కవరు. నా జీవితంలో సొంతానికి కొన్న మొదటి కవరు. ఎందుకో చెప్తాను, తిట్టుకో.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అత్త నా వైపు చూసింది. "ఆరబెట్టమని రాసినావా?" అంది. సెప్టెంబరులో అది చెప్పినదాంట్లో సగమే నీకు రాశాను. కాఫీ కాయ గురించి, ఘాటు రోడ్డు గురించి రాసేసరికి మడత వచ్చేసింది. మిగతాది మామూలేలే, నీకు తెలిసే ఉంటుందిలే అనుకుని ముగించేశాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కరి ఉత్తరమూ పోగొట్టలేదని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. నా ఇంట్లో మాటే సగం పోగొట్టాను.

అది చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తిట్లతో సహా.

"తొక్కడం అయిపోగానే గోడకి మెత్తేత్తారేటి, తెలివితక్కువోళ్ళు! నీళ్ళు పొయ్యటం ఎంతో, తీసెయ్యటం అంత. ఆ నీళ్ళు గడ్డిని ఇడదియ్యటానికి వచ్చినాయి, పనైపోయినాక ఎల్లిపోవాల. మెత్తే ముందు నీడలో పరిసి వదిలెయ్యాల. రోజుకోపాలి మడమతో తొక్కి సూడాల. మడమకి అంటుకుంటే ఇంకా నీళ్ళున్నట్టే. అంటుకోకుండా వదిలేసిన దినాన మెత్తాల. నీళ్ళుండగా మెత్తితే గోడ లోన బొక్కలు పడి ఉబ్బిపోద్ది. బేగి అయిపోవాలని తొందరపడే ఇంట్లో గోడ నిలబడదు. ఆ గుంటకి తొందర, నీకు మడత. ఇద్దరూ ఇద్దరే."

ఇదంతా రాసి మళ్ళీ చదివి వినిపించాను. ఒక్క ముక్క వదల్లేదని తల ఊపింది. ఇప్పుడు కవరు మూస్తున్నాను. నన్ను క్షమించు తల్లీ.

మంగ్లు


చెన్నై,
22 ఫిబ్రవరి 2009

మావయ్యకు, అత్తకు,

డెబ్బై తొమ్మిది!

ముందు అది రాయకపోతే నా చెయ్యి ఆడేలా లేదు. అయిదు ముక్కలు లాగాం. అన్నిటికన్నా తక్కువది డెబ్బై ఆరు, ఎక్కువది ఎనభై ఒకటి, సగటున డెబ్బై తొమ్మిది. వంద పాళ్ళ బంకలో పొడి అర పాలే. పిట్టగూడు చేయలేదని అత్తకు చెప్పు.

ఈసారి తొందరపడలేదు. హార్డెనర్, అంటే బంకను గట్టిపరిచే రెండో సీసా, కలపకముందే, గాలి లాగేసే పెట్టెలో సన్నని వేడి మీద బంకను వదిలేశాను. మడమతో తొక్కలేను కదా, అందుకని పూటపూటకీ తూచి చూశాను. అసిటోన్ పోయేకొద్దీ బరువు తగ్గింది. అలా నాలుగు రోజులు. అయిదో రోజు బరువు తగ్గడం ఆగిపోయింది. 'మడమ వదిలేసింది' అని పైకే అనేశాను. ఆ తర్వాతనే హార్డెనర్ కలిపి అచ్చుల్లో పోశాను.

కమిటీలో ముగ్గురు పెద్దవాళ్ళు. ఈ విధానం ఏ పేపర్లో చూశావని ఒకాయన అడిగారు. ద్రావకంతో కలిపే పద్ధతి పేపర్లలో ఉంది, ఆ పేర్లు చెప్పాను. "కానీ నాకు అర్థమైంది అక్కడ కాదు సార్" అని అలమారులోంచి గోడ ముక్క తీసి బల్ల మీద పెట్టాను. మా అత్త సోములమ్మ, బూరుగుపుట్టు అని చెప్పాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆ ముక్కను చాలాసేపు తిప్పి చూశారు. "ఈవిడ చదువుకున్నారా?" అని అడిగారు. "గోడలు చదివారు సార్" అన్నాను. టాపిక్ నాదే అని రాసి సంతకాలు పెట్టారు.

అప్పట్లో ఉత్తరాలు ఆపడానికి ఇంకో కారణం ఉందన్నాను కదా, ఇప్పుడు చెప్తాను. నేను ఇక్కడ చేరిన మొదటి నెలలో లక్ష్మీప్రసాద్ నేను వినడం లేదనుకుని ఒకరితో అన్నాడు, 'కోటాలో వచ్చేవాళ్ళతో ల్యాబు కల్తీ అయిపోతోంది' అని. నేను విన్నాను. ఆ తర్వాత మీ ఉత్తరంలో అదే మాట వచ్చింది. అందుకే మీ మీద విసుక్కున్నాను, ఆ తర్వాత రాయలేకపోయాను. సంతలో అత్తకు ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడే తెలుసు, కానీ చెప్పలేకపోయాను.

నిన్న అతనే నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతని ముక్కల్లో కూడా ఉండలే. ఎలా కలిపావో చెప్తావా అని అడిగాడు. ఒక్క క్షణం నాకూ మడత వచ్చేసిందని చెబుదామనిపించింది. చెప్పలేదు. ఆరబెట్టడంతో సహా అంతా చెప్పాను.

మీ హేమ


బూరుగుపుట్టు,
8 మార్చి 2009

చిరంజీవి హేమలతకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు మీ అత్తకి, ఒకసారి పోస్టాఫీసు అరుగు మీద ఊరందరికీ, ఒకసారి నాకే. డెబ్బై తొమ్మిది అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. ఈలలు మాత్రం వేశారు.

ఆ సీనియరు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కాగితం దించేశాను. వదిలేసి ముందుకు పోదామనుకున్నాను. వదిలితే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి చదివేశాను. విని మీ అత్త అన్నది ఇదీ.

"ఆ మాటన్నోడే వచ్చి అడిగినాడు కదా, సెప్పటం మంచిదే అయింది. సావుకారు సెంబులో పోసి మనల్ని సూసినాడు, ఈళ్ళు మిషన్లో ఎట్టి దాన్ని సూసినారు. ఎవులెన్ని నీళ్ళలో ఏసినా మన గుంట అడుక్కి దిగిన గట్టి గింజ. అలాగే రాయి."

అలాగే రాశాను.

పడమటి గోడకు చిల్లు ఇంకా అలాగే ఉంది. చలికాలమంతా దాంట్లోంచి గాలి కొట్టింది. గోనెగుడ్డ అడ్డం పెడతానంటే ఒప్పుకోలేదు. వచ్చినవాళ్ళు అడగాలి, తను 'మా గుంట సదువుకి పంపినాను' అని చెప్పాలి, అదీ దాని సరదా. ఇప్పుడు ఇటుకల పండగ, మన వేట పండగ, వస్తోంది, ఇళ్ళన్నీ మెత్తుకుంటున్నారు. నిన్న మట్టి తవ్వి తెచ్చింది. పలచగా నీళ్ళు కలిపి గడ్డి చల్లింది. నేను తొక్కబోతే కాలు పెట్టనివ్వలేదు. "అది వచ్చి తొక్కుతాది. ఆ సిల్లు దానిది, అదే పూడ్సాల" అంది. కాబట్టి సెలవు పెట్టుకుని రా. మడమ వదిలేదాకా ఉండేలా పెట్టుకో.

ఇది ఇన్‌ల్యాండే. కింద చూడు, ఇంకా నాలుగు వేళ్ళ జాగా మిగిలింది. ఈసారి నేను ఏమీ వదిలిపెట్టలేదు.

మంగ్లు